వెలుగునకు తోడు

కాచిన పాలు తోడు లేనిదే పెరుగు కావు. పాలు మిక్కిలి వేడిగా నున్నపుడు వేసిన తోడు చెడిపోవును. పూర్తిగా చల్లారిన పిమ్మట వేసినది సరిగా పని చేయదు. మోతాదు మించినచో పెరుగు పులిసిపోవును. కుండెడు పాల గతిని నిర్ణయించునది చెంచాడు తోడు. ఈ సంగతి తెలియని ఇల్లు తెలుగునాట లేదు.

రసాయనశాస్త్రమునందును ఇట్టి తోడు ఒకటి కలదు. కొన్ని పదార్థములను నీటిలో కరిగించి వెలుతురులో నుంచినపుడు, వాని చిన్న అణువులు ఒకదానితో నొకటి కలిసి, వేలకొలది కడియములుగల పొడవైన గొలుసులుగా మారును. ఈ గొలుసుకట్టునకు పాలిమరీకరణమని పేరు. అయితే వెలుతురు ఒంటరిగా ఈ పని చేయుట అరుదు. చిటికెడు లవణమో, రవ్వంత రంగో, కొంచెము ప్రాణవాయువో నీటిలో కలిసియుండవలెను. ఆ చిటికెడు పదార్థమే కార్యమును ఆరంభించును, నడిపించును, ఒక్కొక్కపుడు ఆపివేయును. పెరుగు తోడులో నున్నవి సూక్ష్మజీవులు. ఇచట ఉన్నవి నిర్జీవమైన రసాయనములు. పోలిక అంతవరకే. కాని కొంచెమే అంతటిని నిర్ణయించుననుట రెండింటికిని సమానము. ఈ తోడును మానవుడు ఎట్లు గుర్తించెనో, దాని మర్మమును ఎట్లు తెలిసికొనెనో ఈ ప్రసంగమున మనవి చేయదలచినాము.

వెలుతురు రసాయనిక మార్పును కలిగింపవలెనన్నచో, ముందుగా ఏదో ఒక పదార్థము ఆ వెలుతురును పీల్చుకొనవలెను. పీల్చుకొనబడని వెలుతురు ఎంత ప్రసరించినను, గాజుపలక గుండా సాగిపోయినట్లు సాగిపోవును. ఈ సూత్రమును 1817లో గ్రోథస్ అను శాస్త్రజ్ఞుడు చెప్పెను. నీరు కంటికి కనబడు వెలుతురును దాదాపుగా పీల్చదు. గొలుసులు కట్టగల అక్రిలమైడు వంటి తెల్లని పొడులును నీటిలో కరిగినపుడు దానిని పీల్చవు. కావున వారి తరపున వెలుతురును అందుకొనుటకు మూడవ పదార్థమొకటి కావలసివచ్చును. మన కథ అంతయు ఆ మూడవ పదార్థమును గూర్చినదే.

కథ 1839లో ఆరంభమైనది. ఛాయాచిత్రణము లోకమునకు వెల్లడియైన సంవత్సరమదే. స్కాట్లండు దేశస్థుడైన మంగో పాంటన్, పొటాషియం డైక్రోమేటు అను నారింజవన్నె లవణపు ద్రావణములో ముంచి ఆరబెట్టిన కాగితము ఎండలో రంగు మారుటను గమనించెను. దానిపై ఆకు నుంచి ఎండలో పెట్టినచో ఆకు నీడ పడినచోట రంగు మారలేదు. కడిగినపుడు మారని లవణము పోయి, ఆకు రూపు తెల్లగా మిగిలినది. వెండి లవణములకంటె ఇది చవుక. కాని రంగు మారినది లవణము ఒక్కటేనా, లేక కాగితమునకును ఇందులో పాలు కలదా?

ఈ ప్రశ్నకు మరుసటి సంవత్సరమే ఫ్రాన్సులో ఎడ్మండ్ బెకరెల్ సమాధానము చెప్పెను. కాగితము సిరాను పీల్చి చెదరగొట్టకుండుటకై, మనము బట్టకు గంజి పెట్టినట్లు, తయారీదారులు దానికి గంజి పట్టింతురు. వెలుతురుకు లోనైనపుడు డైక్రోమేటు ఆ గంజితో కలియబడుచున్నదని 1840లో ఆయన చూపెను. ఎవరును లెక్కలోనికి తీసికొనని గంజి ఈ వ్యవహారమున సగము పాత్రధారి యని తేలినది. తోడును గూర్చిన మొదటి పాఠమిది.

1852లో ఇంగ్లండునకు చెందిన ఫాక్స్ టాల్బట్ గంజికి బదులుగా జెలటినును తీసికొనెను. జెలటిన్ అనగా పశువుల చర్మమును, ఎముకలను ఉడికించి తీసిన జిగురు. అది వేడినీటిలో కరుగును. డైక్రోమేటు కలిపిన జెలటిన్ పూతపై వెలుతురు పడినచోట మాత్రము అది కరుగకుండ గట్టిపడినది. 1855లో ఫ్రెంచి ఇంజనీరు పోయిట్విన్ ఆ పూతలో మసిని కలిపెను. వెలుతురు పడినచోట మసి నిలిచెను. పడనిచోట నీటితో కొట్టుకొనిపోయెను. మసి కాలక్రమమున వెలిసిపోవునది కాదు గనుక, అట్టి చిత్రములు వెండి చిత్రములకంటె దీర్ఘాయువు గలవైనవి.

ఈ విద్య మన ఇండ్లకును వచ్చినది. సీసపు అక్షరములతో పత్రికలు అచ్చయిన కాలమున, వానిలోని ఛాయాచిత్రములకు లోహపు బ్లాకులు చేయుచుండిరి. రాగిపలకపై చేపజిగురును, డైక్రోమేటును కలిపి పూయుదురు. నెగటివు గుండా వెలుతురు పంపుదురు. గట్టిపడిన చుక్కలు నిలుచును, తక్కినది కడుగుటతో పోవును. పిమ్మట పలకను రసాయన ద్రవముతో కొరికింతురు. నాయకుల ముఖములను, గాయకుల ముఖములను తెలుగు పాఠకులు పత్రికలలో చూచినది ఇట్టి చుక్కల మూలముననే. స్క్రీను ప్రింటింగులో వాడు పూతలు కొన్ని ఈ వంశమునకు చెందినవే.

బ్లాకుల పనివారు సిద్ధాంతము నెరుగకపోయినను తోడు గుణమును బాగుగ నెరుగుదురు. డైక్రోమేటు కలిపిన జిగురు చీకటిలో నుంచినను కొన్ని దినములకు తనంతట గట్టిపడిపోవును. కొంచెము అమోనియా చేర్చినచో ఎక్కువకాలము నిలువ యుండును. కాని వెలుతురుకు లొంగుట ఆలస్యమగును. ఆమ్లగుణము హెచ్చినచో త్వరగా లొంగును, త్వరగా చెడును. ఒకచోట లాభము చేకూర్చినది మరియొకచోట నష్టము తెచ్చును. ఈ బేరము మన కథ పొడవునను కనబడును.

ఇందులోని మర్మమిది. వెలుతురు తాకిడికి డైక్రోమేటులోని క్రోమియము రూపు మారును. మారిన క్రోమియము జెలటిన్ గొలుసులను ఒకదానికొకటి ముడివేయును. పచ్చితోలును క్రోముతో పదును చేయునపుడు జరుగు కార్యమునకు ఇది దగ్గరి చుట్టము. తోలును జెలటినును పుట్టినది ఒకే మాంసకృత్తు నుండియే కదా! అయితే ఇచట ఒక భేదమును గుర్తింపవలెను. జెలటిన్ గొలుసులను ప్రకృతి ముందుగనే తయారుచేసి యుంచినది. వెలుతురు వానిని ముడివేసినది మాత్రమే. చిన్న అణువుల నుండి క్రొత్త గొలుసును వెలుతురుచే కట్టించుట మరియొక మెట్టు. ఆ మెట్టు మర్మము తెలియుటకు చాలకాలము పట్టెను.

ఆలస్యమునకు కారణము లేకపోలేదు. అంత పొడవైన గొలుసులు ఉండునన్న మాటనే పలువురు పండితులు నమ్మలేదు. 1920లో జర్మను శాస్త్రజ్ఞుడు హెర్మన్ స్టౌడింగరు ఆ మాటను దృఢముగా చెప్పి చాలకాలము విమర్శలను ఎదుర్కొనెను. 1953లో నోబెలు బహుమానము ఆయనను వరించినది. గొలుసు కట్టు విధానమును గూర్చి నెమ్మదిగా తెలిసినదిట్లు: జతలేని ఎలక్ట్రాను గల అణుశకలమొకటి పుట్టవలెను. దీనికి రాడికలు అని పేరు. అది తొందరపాటు గలది. ఒక చిన్న అణువును పట్టుకొనును. ఆ అణువు కొసను మరల జతలేని ఎలక్ట్రాను మిగులును. అది మరియొక అణువును పట్టుకొనును. ఇట్లు రెప్పపాటులో గొలుసు సాగిపోవును. రెండు కొసలు ఎదురుపడినపుడో, మరియొక పదార్థము అడ్డుతగిలినపుడో ఆగిపోవును. అనగా పుట్టుక, పెరుగుట, ముగింపు అని మూడు ఘట్టములు. తోడు ఈ మూడింటియందును చేయి పెట్టగలదు.

ఈ జ్ఞానము పక్వమైనది వెలుతురును గూర్చిన విచారణలో కాదు; ఇనుమును గూర్చిన ఒక వివాదములో. కేంబ్రిడ్జిలో ఫెంటన్ అను రసాయనవేత్త, ఇనుప లవణమును హైడ్రోజన్ పెరాక్సైడును కలిపినచో, చింతపండులో కూడ నుండు టార్టారిక్ ఆమ్లము వేగముగా మార్పు చెందునని 1894లో ప్రకటించెను. ఎందుకో తెలియదు. 1934లో హేబరు, వైసు అను ఇరువురు శాస్త్రజ్ఞులు, ఆ మిశ్రమములో హైడ్రాక్సిలు అను రాడికలు పుట్టుచున్నదని ప్రతిపాదించిరి. నీటి అణువు నుండి ఒక హైడ్రోజను పరమాణువును తొలగించినచో మిగులు ముక్క అది. దాని ఆయువు అత్యల్పము. సీసాలో పట్టి చూపుటకు వీలులేదు. ఉన్నదని చెప్పినవారును కలరు, సందేహించినవారును కలరు. కనబడని నేరస్థుని కోర్టులో నిలబెట్టుట ఎట్లు?

ఇంగ్లండునందు ఆచార్య మెరిడిత్ గ్విన్ ఇవాన్సు ఒక ఉపాయము పన్నెను. రాడికలును చూడలేకపోయినను, అది చేసిన పనిని చూడవచ్చును గదా! 1946లో బాక్సెండేలు, పార్కు అను వారితో కలిసి, ఇనుము, పెరాక్సైడు గల నీటిలో గొలుసులు కట్టగల పదార్థమును చేర్చి పరిశీలించెను. గొలుసులు కట్టబడినవి. రాడికలు లేనిదే అట్టి గొలుసు ఆరంభము కాదు. కావున పాలిమరు సాక్షి యైనది. ఇంతవరకు వస్తువుగా చూడబడిన పాలిమరు ఇచట ప్రయోగసాధనముగా మారుట గమనింపదగినది.

ఇవాన్సు అంతటితో ఆగలేదు. పెరాక్సైడు లేకుండ, వెలుతురుతోనే అదే రాడికలును పుట్టింపవచ్చునా యని ప్రశ్నించుకొనెను. 1949లో నార్బర్టు ఊరితో కలిసి నీటిలో వెలుతురుచే పాలిమరీకరణమును గూర్చి క్లుప్తముగా ప్రకటించెను. 1951లో మాంచెస్టరు నుండి వివరమైన పరిశోధన వెలువడినది. దానిపై మూడు పేర్లు కలవు: ఇవాన్సు, సంతప్ప, ఊరి. ఈ సంతప్పగారే తరువాత మద్రాసు విశ్వవిద్యాలయమున ఆచార్యులైన ఎం. సంతప్పగారు.

ఆ ప్రయోగములోని తోడు ఫెర్రికు లవణము, అనగా తుప్పునకు బంధువైన ఇనుప లవణము. నీటిలో ఫెర్రికు అయాను ఒంటరిగా నుండదు. హైడ్రాక్సైడో, క్లోరైడో దాని ప్రక్కను చేరి జంట యగును. అతినీలలోహిత కాంతిని పీల్చునది ఈ జంటయే. పీల్చినంతనే జతగాని నుండి ఒక ఎలక్ట్రాను ఇనుమునకు దుముకును. ఇనుము ఫెర్రసు రూపము దాల్చును. హైడ్రాక్సైడు జతగాడైనచో హైడ్రాక్సిలు రాడికలు పుట్టును. క్లోరైడైనచో క్లోరిను పరమాణువు పుట్టును. అక్రిలోనైట్రైలు వంటి పదార్థము దగ్గర నున్నచో, పుట్టిన రాడికలు దానిని పట్టుకొని గొలుసును ఆరంభించును. అక్రిలోనైట్రైలు గొలుసులు నీటిలో కరుగవు గనుక, తేటనీరు తెల్లగా మసకబారును. కంటికి కనబడని సంఘటన కంటికి కనబడు తెలుపుగా పరిణమించును.

ఇచట ప్రతి చేర్పునకును ఒక కథ కలదు. ఆమ్లము చాలనిచో ఇనుము తుప్పురంగు మడ్డిగా అడుగునకు దిగును. ఆమ్లము మించినచో హైడ్రాక్సైడు జంటలు తగ్గిపోవును. పోగుపడు ఫెర్రసు అయాను, పుట్టిన రాడికలును మరల పట్టుకొని పాత స్థితికి లాగజూచును. గొలుసు కట్టు పదార్థము చాలినంత యున్నచో రాడికలు దానికే చిక్కును. ఇక ఫెర్రికు అయాను సంగతి మరింత వింత. అది గొలుసును ఆరంభింపజేయును. పెరుగుచున్న గొలుసు కొసనుండి ఎలక్ట్రానును లాగి దానిని ముగింపగలదు కూడ. కావున తోడు హెచ్చించిన కొలది ఎక్కువ గొలుసులు లభించునని ఎంచుట పొరపాటు. కొన్ని మిశ్రమములలో గొలుసులు పొట్టివగును. ప్రాణవాయువు కరిగియున్నచో అదియు గొలుసు కొసను పట్టి ఆపును. అందుచే ఇట్టి ప్రయోగములకు ముందు నీటి నుండి గాలిని తొలగింతురు.

ఇవాన్సు 1952లో మరణించెను. ఆ విచారణ మాత్రము మద్రాసులో కొనసాగినది. సంతప్పగారును వారి శిష్యులును ఫెర్రికునకు తోడుగా యురేనిలు, సెరికు మొదలగు లోహ అయానులను పరీక్షించి, నీటిలో గొలుసుకట్టు వేగమును, ముగింపును కొలిచిరి. 1967లో సంతప్పగారికి శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమానము లభించినది. వారు తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమునకును, మద్రాసు విశ్వవిద్యాలయమునకును ఉపకులపతులుగా, మద్రాసులోని కేంద్ర చర్మ పరిశోధన సంస్థకు సంచాలకులుగా పనిచేసిరి. వెలుతురులో గొలుసులు కట్టించిన శాస్త్రజ్ఞుడు తోళ్ల శాస్త్రమునకు నాయకత్వము వహించుట ఆశ్చర్యము కాదు. గొలుసుల విద్యయే రెండింటికిని మూలము.

లోహపు తోడునకు ఒక లోటు కలదు. ఫెర్రికు జంటలు అతినీలలోహిత కాంతిని గోరును. అది ప్రాణిపదార్థములకు హానికరము. కంటికి కనబడు మృదువైన వెలుతురుతో పని జరుగదా? 1954లో న్యూయార్కు నగరపు బ్రూక్లిను పాలిటెక్నికులో జెరాల్డ్ ఆస్టరు, జరుగునని చూపెను. ఆయన తోడు రంగు. ఇయోసిన్, రోజ్ బెంగాల్, రైబోఫ్లేవిన్ వంటి రంగులు కనబడు వెలుతురును పీల్చును. దగ్గర ఎలక్ట్రానును ఇచ్చు మరియొక మెత్తని పదార్థమున్నచో, వెలుగుసోకిన రంగు దాని నుండి ఎలక్ట్రానును గ్రహించును. ఆ లావాదేవీ నుండి రాడికలులు వెలువడి అక్రిలమైడును గొలుసుకట్టును.

ఆస్టరు గమనించిన మరియొక విశేషమును శ్రోతలు మనసున నుంచుకొనవలెను. గొలుసులకు శత్రువని చెప్పుకొన్న ప్రాణవాయువును ఆయన పూర్తిగా తొలగించి చూచినపుడు, రంగు వెలిసిపోయెనే గాని గొలుసులు కట్టలేదు. లేశమంత ప్రాణవాయువు కావలసివచ్చెను. వెలిసిన రంగుతో అది కలియబడినపుడే రాడికలులు పుట్టెను. మించినచో యథాప్రకారము గొలుసులను ఆపివేసెను. లేకున్నచో ఆరంభము లేదు. ఎక్కువైనచో సాగుట లేదు. ఒకే పదార్థము మోతాదునుబట్టి మిత్రుడును శత్రువును అగును.

రైబోఫ్లేవిన్ మనకు క్రొత్తది కాదు. బి-2 విటమిను అదే. పాలు విరిగినపుడు తేరు నీటికి లేతపసుపు పచ్చదనమును ఇచ్చునది అదియే. ఈ విటమిను వైద్యవిజ్ఞానమునకు చేసిన సేవ చెప్పుకొనదగినది. నెత్తుటిలోని మాంసకృత్తులను విద్యుచ్ఛక్తితో నడిపించి వేరుచేయు పద్ధతికి ఎలక్ట్రోఫోరెసిస్ అని పేరు. 1959లో రేమండు, వెయిన్‌ట్రాబు అనువారు అక్రిలమైడు గొలుసులతో కట్టిన జెల్లీని ఇందుకు వాడిరి. 1964లో ఆర్న్‌స్టెయిన్, డేవిస్ అనువారు రెండు అంతస్తుల జెల్లీని ప్రకటించిరి. చిన్న రంధ్రముల క్రిందిదానిని పెర్సల్ఫేటుతో కట్టించిరి. పెద్ద రంధ్రముల పైదానిని రైబోఫ్లేవినుతో, విద్యుద్దీపపు వెలుతురుతో కట్టించిరి. పెర్సల్ఫేటు శేషము మాంసకృత్తులను చెరచవచ్చును. రైబోఫ్లేవిన్ కావలసినది లేశమే. మరియొక చేర్పు గొలుసులను వలగా ముడివేయును. దాని పాలునుబట్టి వల కన్ను మారును. కట్టుచున్న జెల్లీ మీద నీటిని మెల్లగా పరచి గాలిని దూరముగా నుంచుట పరిశోధకులకు అలవాటైనది. అయితే ఒక జాగ్రత్త: గొలుసు కట్టని అక్రిలమైడు నరములకు విషము. చేతితొడుగులు లేనిదే దానిని ముట్టరాదు.

అదే విటమిను నేడు కంటివైద్యమున ప్రవేశించినది. కెరటోకోనస్ అను వ్యాధిలో నల్లగ్రుడ్డు మీది పారదర్శకమైన పొర పలుచనై శంఖువువలె ముందుకు సాగును. యువకుల చూపు దెబ్బతినును. జర్మనీలోని డ్రెస్డెనులో రూపొందిన చికిత్సను 2003లో రోగులకు చేసిన ఫలితములతో ప్రకటించిరి. పై పలుచని చర్మమును తొలగించి, రైబోఫ్లేవిన్ చుక్కలు వేసి, 370 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని 30 నిమిషములు ప్రసరింపజేయుదురు. పొరలోని గొలుసులు ముడివడి గట్టిపడును. ఇది 1852 నాటి జెలటిన్ పూతకు మునిమనుమరాలు. ఇందును క్రొత్త గొలుసులు కట్టవు, ఉన్నవి ముడివడును. ఇచట రైబోఫ్లేవిన్ రెండు పనులు చేయును: ముడులు వేయించును, కాంతిని పీల్చి కంటి లోపలి భాగములకు చేరకుండ కాచును. అది చాలనిచో కాపు చాలదు. పొర మరీ పలుచనైనచో ఈ చికిత్స ఆ రూపమున తగదు. అందుకే 400 మైక్రానుల మందము హద్దుగా నిర్ణయించిరి. ప్రాణవాయువు ఇందును కావలసినదే. మోతాదు లెక్కలో తేడా వచ్చినచో పణము మనిషి చూపు.

వెలుతురును గూర్చి వ్రాసిన చరిత్రలలో దీపముల పేర్లు, కటకముల పేర్లు విరివిగా నుండును. కాని నీటిలో గొలుసుల కథను నడిపినవారు వేరొక ప్రశ్న వేసినవారు. కాగితములోని గంజిని అనుమానించిన బెకరెల్, ఇనుము ప్రక్కను చేరిన జతగాని గుర్తించిన ఇవాన్సు బృందము, తీసివేసిన గాలిని మరల లేశముగా రానిచ్చిన ఆస్టరు: వీరందరును అడిగినది ఒక్కటే. వెలుతురు ఏమి చేసెనని కాదు, వెలుతురుతోపాటు అచట ఇంకేమున్నదని. ఎండ అందరి పెరటిలోను ఒకటియే. పాత్రలో ఏది కలిసియున్నదో దానినిబట్టియే ఫలము.